పైఅంతస్తు ఫోన్‌కి కింది ప్రింటర్ కనపడాలంటే
కింద ఫైబర్ రౌటర్, పైన పాత రౌటర్ పెడితే నెట్ వస్తుంది కానీ కింది ప్రింటర్ పైన కనపడదు, రెండూ వేర్వేరు నెట్‌వర్కులుగా ఉండిపోతాయి కాబట్టి. పాత రౌటర్‌ని ముందు ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో కలిపి, బ్రౌజర్‌లో దాని సెట్టింగ్స్ పేజీ తెరిచి, కిందిది 192.168.1.1 అయితే దీని ల్యాన్ ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో రౌటర్ అడ్రసు) 192.168.1.2 చేయండి (ఆ అంకె కింది రౌటర్ డీహెచ్‌సీపీ పరిధిలో, అంటే ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ తనంతట తానే పంచే ఐపీల్లో, ఉండకూడదు), సేవ్ అయ్యాక కొత్త ఐపీతో మళ్లీ లోపలికెళ్లి డీహెచ్‌సీపీ ఆపేయండి. తర్వాత కింది నుంచి వచ్చే కేబుల్‌ని పాత రౌటర్ ల్యాన్ పోర్టులోనే గుచ్చాలి. ఇదే అసలు కిటుకు! వ్యాన్ పోర్టు (మామూలుగా ఇంటర్నెట్ లైను గుచ్చేది), అదే సాధారణంగా రంగు వేరుగా ఉండేది, ఖాళీగా వదిలేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింట్లో ఒకటే పెట్టుకోవచ్చు.

పై వాటాలో అద్దెకున్నవాళ్లకి నెట్ ఇవ్వడానికైతే మాత్రం ఇది వద్దు, మీ ప్రింటరూ షేర్ చేసిన ఫోల్డర్లూ వాళ్లకీ కనపడతాయి. గెస్ట్ వైఫై ఇవ్వండి.