ఇంజనీరింగ్ విద్యార్థులు వక్తృత్వ పోటీకి సిద్ధపడటం ఎలా?

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలాచోట్ల వక్తృత్వ పోటీ అంటే ఏడాదికోసారి ఫెస్ట్‌లో జరిగే సరదా కార్యక్రమమే. కోర్సుల నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ అక్రెడిటేషన్ బోర్డు మాత్రం ఇంజనీరింగ్ పట్టభద్రులకు ఉండాల్సిన సామర్థ్యాల్లో కమ్యూనికేషన్‌ను కూడా చేర్చింది. సరిగ్గా సిద్ధపడితే ఈ పోటీ వల్ల స్టేజీ భయం పోవడమే కాదు, సబ్జెక్టు మీద పట్టు కూడా పెరుగుతుంది. తనకు నిజంగా అర్థం కాని విషయాన్ని వైవాలో బట్టీపట్టిన నిర్వచనంతో గట్టెక్కించవచ్చునేమో గాని, వేరే బ్రాంచి వాళ్లతో నిండిన సెమినార్ హాల్లో నాలుగు నిమిషాలు వివరించడం ఎవరికీ సాధ్యం కాదు.

అందుకే అంశాన్ని ఎంచుకోవడంలోనే సగం ఫలితం ఉంటుంది. నిర్వాహకులు స్వేచ్ఛ ఇస్తే, సోషల్ మీడియా మంచిదా చెడ్డదా వంటి అరిగిపోయిన విషయాల జోలికి పోకుండా, మీ ల్యాబ్‌లో మీరు చేతులతో చేసిన ఒక ప్రయోగాన్నో, మినీ ప్రాజెక్టులో ఎదురైన ఒక చిక్కునో తీసుకోండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన ‘త్రీ మినిట్ థీసిస్’ పోటీలో పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసమంతటినీ కదలికలు లేని ఒకే ఒక్క స్లైడుతో, మూడు నిమిషాల్లో, ఆ రంగం తెలియనివారికి అర్థమయ్యేలా చెప్పాలి. సమయం దాటితే పోటీ నుంచి తప్పిస్తారు. ఏది ముఖ్యమో, ఏది వదిలేయవచ్చో తేల్చుకోమని విద్యార్థిని బలవంతపెట్టే ఈ కఠిన నిబంధనే, నా దృష్టిలో, ఆ పోటీ నేర్పే అసలు పాఠం.

సివిల్ విద్యార్థి ఒకరు కాంక్రీటు స్లంప్ పరీక్ష (తడి కాంక్రీటు ఎంత సులువుగా పనికి ఒదుగుతుందో, అంటే దాని వర్కబిలిటీని, చూసే పరీక్ష) గురించి మాట్లాడాలనుకున్నారనుకుందాం. ‘వర్కబిలిటీ అనగా...’ అంటూ నిర్వచనంతో మొదలుపెడితే కంప్యూటర్ సైన్సు వాళ్లు మొదటి వాక్యానికే ఫోన్లు తీస్తారు. దానికి బదులు, 30 సెంటీమీటర్ల ఎత్తున్న ఇనుప అచ్చులో తడి కాంక్రీటు నింపి, కూరి, అచ్చును నిలువుగా పైకి లాగితే ముద్ద కిందికి కుంగుతుందని, ఎంత కుంగిందో స్కేలుతో కొలుస్తామని చేతులతో చూపిస్తూ మొదలుపెట్టవచ్చు. పని సులువవుతుందని మేస్త్రీ మరో బకెట్ నీళ్లు పోయిస్తే కుంగుబాటు పెరుగుతుంది, గట్టిపడ్డాక బలం తగ్గుతుంది అన్నచోటికి వచ్చేసరికి, ఆ పరీక్ష ఎందుకు పెట్టారో వినేవారికి దానంతటదే తెలుస్తుంది. ఇలా చెప్పడానికి కూర్చున్నప్పుడే, నీళ్లు ఎక్కువైతే బలం ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్న మాట్లాడేవారికే ఎదురవుతుంది. సిమెంటుతో కలిసిపోగా మిగిలిన నీరు ఆరిపోయి లోపల సన్నని ఖాళీలు వదులుతుందని పుస్తకం తిరగేసి తెలుసుకున్న విద్యార్థి, ఆ పాఠాన్ని ఇక మరచిపోరు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంగ్లీషు రాదన్న బెంగతో వెనక్కి తగ్గకండి. ముందు ఇంట్లో అమ్మకో తమ్ముడికో విషయాన్ని తెలుగులో చెప్పి, వాళ్లు ఎక్కడ ఆగి అడిగారో గుర్తుపెట్టుకోండి. మీ ప్రసంగంలో మరింత వివరణ కావలసింది అక్కడే. ఆ తరువాతే చిన్న చిన్న వాక్యాలతో ఇంగ్లీషులోకి వెళ్లండి. ప్రసంగమంతా రాసి కంఠస్థం చేస్తే ఒక్క మాట మరచిపోగానే మొత్తం ఆగిపోతుంది కాబట్టి, మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం నోటికి వచ్చేలా చూసుకుని, మధ్య భాగానికి కేవలం వరుస గుర్తుంచుకుంటే చాలు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, నిలబడి, పైకి చెబుతూ సాధన చేయండి. గడువు ఐదు నిమిషాలైతే నాలుగున్నరకే ముగిసేలా కుదించుకోవాలి.

సభ్యులు ఒకరి ముందు ఒకరు ప్రసంగాలు సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో సమయం తెలిపేందుకు పచ్చ, పసుపు, ఎర్ర దీపాలు చూపిస్తారు. ప్రతి ప్రసంగాన్నీ మరొక సభ్యుడు విని, బాగున్నదేమిటో, మార్చుకోవలసిందేమిటో అక్కడే చెబుతాడు. పోటీ నిర్వహించే అధ్యాపకులు ఈ రెండో పద్ధతిని తప్పక తీసుకోవాలని నా విన్నపం. బహుమతి దక్కేది ముగ్గురికే అయినా, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ న్యాయనిర్ణేత రాసిన రెండు మూడు వాక్యాలు చేతికి అందాలి. ఉచ్చారణకు, హావభావాలకు మార్కులు తగ్గించి, వివరణలోని స్పష్టతకు, ప్రశ్నలకు ఇచ్చిన జవాబులకు ఎక్కువ కేటాయించాలి. న్యాయనిర్ణేతల్లో ఒకరైనా వేరే బ్రాంచి వారై ఉండాలి. ప్రతి ప్రసంగం తరువాత రెండు నిమిషాలు ప్రశ్నలకు వదిలితే, తెలియనిదాన్ని తెలియదని మర్యాదగా ఒప్పుకోవడం కూడా విద్యార్థికి అలవాటవుతుంది. రేపు ప్రాజెక్టు రివ్యూలోనూ, ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ అక్కరకు వచ్చే అలవాటు అది. వీలుంటే రెండు వారాల తరువాత అదే అంశంపై అదే విద్యార్థుల చేత మళ్లీ మాట్లాడించి, న్యాయనిర్ణేతల సూచనల్లో ఎన్ని అమలయ్యాయో చూడండి.