కోర్టులు తెరిచేలోపు ఏఐతో కేసు కట్టలు కుదించేవారికి జాగ్రత్తలు

సెలవుల్లో భూతగాదాల ఫైళ్లు ముందేసుకున్న కోనసీమ జూనియర్ లాయర్లకు:

- క్లయింట్ మీతో చెప్పుకున్న మాటలు, మీ నోట్సు ఉచిత యాప్‌లో ఎక్కించొద్దు. భారతీయ సాక్ష్య అధినియం, 2023, సెక్షన్ 132 కాపాడే రహస్యం అది. బయటికి పోతే వెనక్కి రాదు.

- సర్వే నంబర్లు, విస్తీర్ణాలు అసలు దస్తావేజుతో మీరే సరిచూడండి. పాత చేతిరాత స్కాన్‌లో 112/2 కాస్తా 112/3 అయిపోవచ్చు. లంక భూమిని కుంచాల్లో రాసి ఉంటే, ఏఐ దాన్ని ధాన్యం కొలత అనుకునే ప్రమాదమూ ఉంది. ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి.

- ఏఐ ఇచ్చిన సారాంశంలో ప్రతి వాక్యం పక్కన ఫైలు పేజీ నంబరు ఉండాలి. లేకపోతే కొట్టేయండి.

- మనకు వ్యతిరేకంగా ఉన్న కాగితాలేవో ఏఐని విడిగా అడగండి. కౌలు రసీదు ఒక్కటి జారిపోయినా, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరుగారు దాన్నే పట్టుకుంటారు.

- ఏఐ చూపిన తీర్పును తెరిచి చదవందే వాడొద్దు. లేని తీర్పులనూ పుట్టిస్తుంది.