పిల్లలకి పైరసీ గురించి చెప్పేముందు మన ఫోన్ ఖాళీ చేద్దాం

మా వాడు తొమ్మిదో క్లాసు. ఫ్రెండ్ పంపిన టెలిగ్రామ్ లింకులో కొత్త సినిమా చూస్తుంటే తప్పురా అన్నాను, వాడు వెంటనే "నీ ఫోన్లో ఆ నవలల పీడీఎఫ్‌లు ఎక్కడివమ్మా, కొన్నావా" అన్నాడు. కొనలేదు, గ్రూపులో ఎవరో పెడితే దాచుకున్నా. ఇద్దరం కూర్చుని అవన్నీ డిలీట్ చేశాం, నచ్చిన రెండు పుస్తకాలు ఆర్డర్ పెట్టాం. మీరూ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి, మన ఫోన్ అలాగే ఉంచుకుని ఎన్ని చెప్పినా వాళ్ళకి ఎక్కదు.

తర్వాత వాళ్ళు చేసిందే తీసుకుని మాట్లాడండి. పిల్లలు బొమ్మలేస్తారు, రీల్స్ ఎడిట్ చేస్తారు, పాటలు పాడి పెడతారు. నువ్వు రాత్రంతా కూర్చుని చేసిన వీడియోని వేరేవాడు పేరు తీసేసి తన అకౌంట్లో పెట్టుకుంటే ఎలా ఉంటుంది అని అడిగి ఊరుకోండి, జవాబు వాళ్ళనే చెప్పనివ్వండి. కాపీరైట్ అంటే ఆఫీసులో రిజిస్టర్ చేయించుకుంటేనే వస్తుందని చాలామంది అనుకుంటారు, కాదు, మన దేశంలో 1957 చట్టం ప్రకారం బొమ్మ వేసిన క్షణం నుంచే ఆ హక్కు ఆ పిల్లదే.

ఎదురు వాదిస్తారు, వాదించనివ్వండి. "2013లో అత్తారింటికి దారేది రిలీజ్‌కి ముందే సగం లీకైంది, అయినా హిట్టయింది కదా" అంటారు. నిజమే, కానీ దాని వెనక పెద్ద హీరో, లక్షలమంది అభిమానులు ఉన్నారు, పైగా అక్టోబర్‌లో రావాల్సిన సినిమాని హడావిడిగా సెప్టెంబర్ 27కే తెచ్చుకోవాల్సొచ్చింది. కొత్తవాళ్ళతో తీసిన చిన్న సినిమాకి ఆ బలం ఎక్కడిది, మొదటి వారం జనం రాకపోతే థియేటర్లోంచి తీసేస్తారు, అంతే. ఇంకోటి, పైరసీ సైటు నడిపేవాడు పేదోళ్ళకి సినిమా చూపించే మంచోడు అని కూడా అంటారు, అప్పుడు ఆ సైట్లలో వచ్చే యాడ్స్ చూపించండి. బెట్టింగ్ యాప్‌లే ఎక్కువ. ఫ్రీగా చూపించి వాడు సంపాదించుకునేది అక్కడే.

శిక్షల గురించి ఒక్కసారి చెప్తే చాలు, భయపెట్టక్కర్లేదు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చారు, థియేటర్లో ఫోన్‌తో సినిమా రికార్డు చేస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, జరిమానా కనీసం 3 లక్షలు. సరదాకి క్లైమాక్స్ తీసి స్టేటస్ పెట్టే పిల్లలకి ఇది తెలియాలి.

ఏది చేయొచ్చో కూడా తప్పకుండా చెప్పండి, అన్నీ దొంగతనమే అంటే అదీ అబద్ధమే. రాసినాయన పోయాక 60 ఏళ్ళు దాటితే పుస్తకం అందరిదీ అయిపోతుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రాసి అచ్చేసినవి హాయిగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, తెలుగు వికీసోర్స్‌లో అలాంటివి చాలా ఉన్నాయి, అదే శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన పుస్తకాల మీద హక్కు 2043 చివరిదాకా ఉంటుంది. ఈ లెక్క పిల్లలతోనే వేయించండి, భలే ఇష్టంగా వేస్తారు. చదువు కోసం పాఠాల్లో వాడుకోడానికి చట్టంలోనే వెసులుబాటుంది, పుస్తకాల్లోంచి పాఠాలు జిరాక్స్ తీసి ఇస్తోందని ప్రచురణకర్తలు ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు మీద వేసిన కేసులో 2016లో హైకోర్టు విద్యార్థుల వైపే చెప్పింది.

ఇక డబ్బుల సంగతి. ప్రతి ఓటీటీకీ కట్టడం మావల్ల కూడా కాదు. అందుకే నెలకి ఒక్కటే పెట్టుకుంటాం, ఏది కావాలో పిల్లలే తేలుస్తారు, మిగతావి టీవీలో వచ్చేదాకా ఆగుతాం. పుస్తకాలకైతే వాణ్ణి చిక్కడపల్లి లైబ్రరీకి తీసుకెళ్ళా, ఇప్పుడు ఆదివారాలు వాడే గుర్తుచేస్తున్నాడు.