ఎలక్ట్రానిక్స్ రిపేర్ పాఠాలు – 4: మీటర్‌లో గుడ్, సర్క్యూట్‌లో డెడ్

కాలినవి, ఉబ్బినవి కిందటి భాగంలో చూశాం, అవి కంటికే దొరికిపోతాయి. పైకి కొత్తదానిలా ఉండి, మీటర్‌లో కూడా గుడ్ అని చూపించే పార్టులే మనల్ని గంటలు గంటలు తిప్పేవి.

ఒక్క కేసు తీసుకుందాం. నెలల తరబడి ఆపకుండా నడిచిన ఎస్‌ఎంపీఎస్ (లైన్ కరెంటును పరికరానికి కావాల్సిన డీసీగా మార్చే పవర్ సప్లై), కరెంటు పోయి వచ్చాక మళ్లీ ఆన్ కాలేదు. ఫ్యూజ్ బాగుంది, మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) షార్ట్ లేదు, 230 వోల్టుల లైన్‌కి పెద్ద కెపాసిటర్ మీద రావాల్సిన 325 వోల్టుల డీసీ వస్తోంది (ఇది ప్రాణం తీసే వోల్టేజ్, ప్లగ్ తీసినా వెంటనే పోదు, రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే బోర్డు ముట్టుకోండి). చాలామంది ఇక్కడే మాస్‌ఫెట్‌ని నడిపే ఐసీ మార్చేస్తారు. ఆగండి.

ఐసీకి పవర్ అందే వీసీసీ పిన్ మీద వోల్టేజ్ మెల్లగా ఎక్కి, టక్కున పడి, మళ్లీ ఎక్కుతోందా? అయితే ఐసీ స్టార్ట్ అవడానికి ప్రయత్నిస్తోంది. ముందు సెకండరీ (అవుట్‌పుట్ వైపు) డయోడ్ షార్ట్ లేదని తేల్చుకోండి, దానివల్లా ఇలాగే అవుతుంది. అదీ బాగుంటే అనుమానం వీసీసీ మీదున్న చిన్న కెపాసిటర్ మీదే, 10 నుంచి 47 మైక్రోఫారడ్ ఉంటుంది. వేడికి లోపలి ఎలక్ట్రోలైట్ ఎండిపోయి ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) పెరుగుతుంది, ఐసీ స్విచింగ్ మొదలుపెట్టగానే కావాల్సిన కరెంట్ ఇవ్వలేక, ట్రాన్స్‌ఫార్మర్ సహాయక వైండింగ్ (స్టార్ట్ అయ్యాక ఐసీకి పవర్ ఇచ్చే చుట్ట) అందుకునేలోపే చేతులెత్తేస్తుంది. నడుస్తున్నంతసేపు వెచ్చగా ఉండి నెట్టుకొచ్చింది, చల్లారాక ఈఎస్‌ఆర్ ఇంకా పెరిగింది, అందుకే కరెంటు పోయాకే బయటపడింది.

మామూలు కెపాసిటెన్స్ మీటర్ తక్కువ ఫ్రీక్వెన్సీలో కొలుస్తుంది కాబట్టి చాలాసార్లు ఇది దొరకదు, 100 కిలోహెర్ట్జ్‌లో కొలిచే ఈఎస్‌ఆర్ మీటర్ కావాలి. ఒకటి రెండు ఓమ్‌లు రావాల్సిన చోట పదుల్లో వస్తే తీసేయండి. ఆ మీటర్ లేకపోతే, ప్లగ్ తీసి కెపాసిటర్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి ఆన్ చేయండి, స్టార్ట్ అయితే దొంగ దాదాపు దొరికినట్టే. కొత్తది 105 డిగ్రీల వేడి తట్టుకునేదే వేయండి.

వీసీసీ అసలు ఎక్కకపోతే స్టార్టప్ రెసిస్టర్ (ఐసీ మొదలవడానికి వీసీసీకి తొలి కరెంట్ ఇచ్చేది) చూడండి. ఇవి రంగు కూడా మారకుండానే ఓపెన్ అవుతాయి, అంటే లోపల తెగిపోతాయి. డిశ్చార్జ్ అయిన బోర్డులో, పీకకుండానే కొలిచినా, దాని మీదున్న విలువ కన్నా బాగా ఎక్కువ చూపిస్తే పోయినట్టే, ఎందుకంటే పక్క పార్టులు రీడింగ్‌ని తగ్గిస్తాయే తప్ప పెంచవు. తక్కువ చూపిస్తే మాత్రం ఒక కాలు ఎత్తి కొలవాలి.

వచ్చే భాగంలో రెండు మూడు వోల్టుల మీటర్ టెస్ట్‌కి దొరకని, అసలు వోల్టేజ్ పడితేనే లీకయ్యే డయోడ్లు. ఈలోపు ఒక పాత బోర్డులోని చిన్న కెపాసిటర్లన్నీ పీకి ఈఎస్‌ఆర్ రాసి పెట్టుకోండి.