హైదరాబాద్ దుమ్ములో ముక్కు, నోరు, కళ్లు, చెవులు: ఆయుర్వేద పద్ధతిలో రోజూ చూసుకోవడం ఎలా?

ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి రోజూ బండి మీద వెళ్లొచ్చేవాళ్లు సాయంత్రం ముక్కు చీదితే రుమాలు నల్లబడుతుంది. ఇంటి నుంచి బయల్దేరేముందు ముక్కులో కాస్త నూనె వేసుకుంటే లోపల తడిగా ఉండి దుమ్మూ పొగా బాధించవని సుశ్రుత సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథం చెబుతుంది. నేను మొదలుపెట్టింది ఆ మాట చదివే.

ముందు నాలుక. లేవగానే, నీళ్లు తాగకముందే, రాగి బద్దతో వెనక నుంచి ముందుకు నాలుగైదుసార్లు మెల్లగా గీయండి. రక్తం వచ్చేలా గీకక్కర్లేదు. బద్ద బేగంబజార్ గిన్నెల కొట్లలో వెతకండి. తర్వాత పళ్లు తోముకోవడం మామూలే.

ఇప్పుడు గండూషం. ఒక చెంచా గానుగ నువ్వుల నూనె నోట్లో పోసుకుని, కదపకుండా పట్టి ఉంచాలి. అటూ ఇటూ తిప్పి పుక్కిలిస్తే దాన్ని కవలం అంటారు. కళ్లలో, ముక్కులో నీళ్లు ఊరేదాకా ఉంచమని శాస్త్రం. కొత్తవాళ్లకి రెండు నిమిషాలు చాలు. మింగొద్దు. సింకులో ఉమ్మితే పైపు పూడుకుపోతుంది, పాత పేపర్లో ఉమ్మి చెత్తబుట్టలో వేయండి.

ముక్కు దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. ముక్కులో రోజూ కొద్దిగా నూనె వేసుకోవడాన్ని ప్రతిమర్శ నస్యం అంటారు. ఇందుకు వాడే ఆయుర్వేద నూనె, అణు తైలం, మందుల షాపులో దొరుకుతుంది. సీసాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, తల కొంచెం వెనక్కి వాల్చి, ఒక్కో రంధ్రంలో రెండు చుక్కలు వేసి మెల్లగా పీల్చండి. గొంతులోకి దిగింది ఉమ్మేయండి. గట్టిగా ఎగపీల్చొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. అదీ భయమైతే చిటికెనవేలికి నూనె రాసుకుని రంధ్రాల అంచున పూసుకోండి, నేను ఎక్కువగా చేసేది అదే. చిన్నపిల్లలకు వేయొద్దు. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్ని అడగాలి. జలుబు పట్టినప్పుడు, తలస్నానం చేసిన వెంటనే మానేయండి. ఒకసారి తలస్నానం చేసి, తడి జుట్టుతోనే వేసుకున్నాను. రోజంతా తుమ్ములే. ఇంతా చేసి, మాస్కుకి మాత్రం ఇది బదులు కాదు.

కళ్లకి చల్లటి నీళ్లు చల్లుకుంటే సరి. పూర్వం రోజూ కళ్లకి అంజనం, అంటే కాటుకలాంటి మందు, పెట్టుకోమన్నారు గానీ, ఇప్పుడు ఏ డబ్బాలో ఏముందో తెలియదు. ఇంట్లో కాచిన త్రిఫల (ఉసిరి, కరక్కాయ, తానికాయ) నీళ్లతో కళ్లు కడగమని ఎవరైనా చెబితే నేనైతే వద్దంటాను. వడకట్టినా నలకలు మిగులుతాయి, నీళ్లు శుభ్రంగా ఉన్నాయన్న భరోసా లేదు.

చెవుల్లో నూనె పోసుకోవడం సొంతంగా చేసే పని కాదు. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో మనకెలా తెలుస్తుంది? చెవి డొప్పలకు, వెనక భాగానికి నూనె రాస్తే చాలు. చెవిలో పోటు గానీ, చీము గానీ ఉంటే డాక్టరే దిక్కు. ఆయుర్వేద వైద్యుణ్ణి చూడాలనుకుంటే ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఉంది.

రాత్రి పడుకునేముందు అరికాళ్లకు నూనె రాయండి. కళ్లకు మంచిదని పాత ఆయుర్వేద ఆచార్యుడు చరకుడు చెప్పాడు. కళ్ల సంగతి నేను చెప్పలేను గానీ, రోజంతా గేర్లు మార్చిన కాలికి మాత్రం హాయిగా ఉంటుంది. రాశాక పాత సాక్సులు తొడుక్కోండి. లేదంటే బాత్రూం టైల్స్ మీద జారతారు, దుప్పట్లు ఉతికేవాళ్లూ ఊరుకోరు.