రియర్ స్వే బార్ లెక్కలు – 3వ పాఠం: లింక్ ఎక్కడ బిగించారు?

స్వే బార్ అంటే రెండు వెనక చక్రాలనూ కలుపుతూ, మలుపులో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే ఉక్కు కడ్డీ. దాని కొనను చక్రం వైపు భాగానికి కలిపే చిన్న కడ్డీ లింక్. పోయిన పాఠంలో బార్ మందం సంగతి చూశాం. 20 మి.మీ. వ్యాసం, మెలితిరిగే తిన్నని భాగం 900 మి.మీ. ఉన్న ఉక్కు బార్‌కు రేడియన్‌కు సుమారు 13,80,000 న్యూటన్-మి.మీ. టార్క్ (మెలితిప్పే బలం) కావాలని తేలింది. ఈసారి బార్ అదే. బిగించే చోటు మాత్రం మారుస్తాం.

ముందు బార్ చివర వంగి ఉన్న చేయి. టార్క్‌ను చేయి పొడవు వర్గంతో భాగించాలి. 250 మి.మీ. చేయికి 13,80,000 ÷ 62,500, అంటే 22. ఒక కొనను కదలకుండా పట్టుకుని రెండో కొనను ఒక మి.మీ. నెట్టాలంటే 22 న్యూటన్లు కావాలన్నమాట. వర్గం ఎందుకంటే, చేయి పొడవైతే అదే బలానికి టార్క్ పెరుగుతుంది, అదే మెలికకు కొన ఎక్కువ దూరం కూడా కదులుతుంది. పొడవు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. లింక్‌ను 225 మి.మీ. దగ్గరున్న రంధ్రంలోకి మారిస్తే 27 దాటుతుంది. జరిపింది 25 మి.మీ., పెరిగింది 23 శాతం!

టేప్ పెట్టేటప్పుడు జాగ్రత్త. చేయి వంపు వెంబడి కొలవకూడదు. తిన్నని భాగం మధ్యరేఖ నుంచి లింక్ బోల్టు మధ్యకు లంబంగా ఎంత దూరమో అదే కావాలి. మొదట్లో నేను వంపు వెంబడి కొలిచి 280 రాసుకున్నాను. లెక్క 20 శాతం తక్కువ వచ్చింది.

ఇక లింక్ రెండో కొన, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే సస్పెన్షన్ భాగం) మీద. అసలు కథ ఇక్కడే ఉంది. కారును స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగ్ తీసేసి, బార్ నుంచి లింక్ విడదీసి, హబ్ (చక్రం బిగించే భాగం) కింద జాక్‌తో చక్రాన్ని 50 మి.మీ. లేపండి. లింక్ బిగించే చోటు 30 మి.మీ. లేచిందా? నిష్పత్తి 0.6. దీన్నీ వర్గం చేయాలి: 22 × 0.36 = 7.9. బార్ దగ్గర 22 ఉన్నది చక్రం దగ్గరికి వచ్చేసరికి మూడో వంతు దాకా పడిపోయింది. లింక్‌ను బయటికి జరిపి 0.7 చేస్తే 10.8.

7.9 నుంచి 10.8 అంటే 36 శాతం పెరుగుదల. అలాగని కారు 36 శాతం బిగుసుకుపోదు. స్ప్రింగ్ కూడా ఉంది కదా. చక్రం దగ్గర స్ప్రింగ్ వాటా మి.మీ.కు 20 న్యూటన్లు అనుకుందాం. మలుపులో ఒక చక్రం లేస్తే రెండోది దిగుతుంది, బార్ రెండింతలు మెలితిరుగుతుంది. అందుకే 7.9ని రెండింతలు చేసి కలపాలి: 35.8. బయటి చోటైతే 41.6. అసలు పెరుగుదల 16 శాతమే. రెండు చక్రాలూ ఒకేసారి గట్టు ఎక్కితే బార్ మెలితిరగదు, దాని వాటా సున్నా.

అయినా 16 శాతం చిన్నది కాదు. ముందు భాగాన్ని ముట్టుకోకుండా వెనక ఇంత పెంచితే, తడి రోడ్డు మలుపులో వెనక చక్రాలు ముందుగా జారే అవకాశం పెరుగుతుంది. ఒక్కో రంధ్రం మార్చి, నడిపి చూసి, ఆ తర్వాతే ఇంకోటి మార్చండి.

వెనక సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్నవాళ్లు జాక్ కొలత వాడొద్దు. రెండు లింకుల మధ్య దూరాన్ని రెండు చక్రాల మధ్య దూరంతో భాగిస్తే నిష్పత్తి వచ్చేస్తుంది.

అభ్యాసం: 225 మి.మీ. రంధ్రం, 0.7 నిష్పత్తి, రెండూ కలిపి లెక్క కట్టండి. 46కు, 47కు మధ్య వస్తే సరి. అందులోంచి రబ్బరు బుష్‌లు (బార్‌ను పట్టుకునే మెత్తని తొడుగులు) ఎంత తినేస్తాయో వచ్చే పాఠంలో.