స్వింగ్ త్రూ దగ్గర నేనెందుకు తప్పుతున్నానంటే

టెక్సాస్‌లో మా ఊరి క్లబ్‌లో స్క్వేర్ డాన్స్ (నాలుగు జంటలు, కాలర్ అనే ఆయన అప్పటికప్పుడు పిలిచే కదలికల ప్రకారం చేసే నాట్యం; ఆ పిలుపులే కాల్స్) మొదలుపెట్టి రెండేళ్లు. మెయిన్‌స్ట్రీమ్ స్థాయి కాల్స్ అన్నీ వచ్చేశాయనుకుని దాని పై స్థాయి ప్లస్‌కి వెళ్తే, మొదటి రాత్రే మా ఎనిమిదిమంది స్క్వేర్ మూడుసార్లు చెదిరిపోయింది, మూడుసార్లూ నా వల్లే. చిన్నప్పుడు కోలాటం ఆడినదాన్ని కదా, అడుగుల వరస బట్టీపట్టడం అలవాటు. ఇక్కడేమో కాలర్ తర్వాత ఏం చెప్తాడో ఎవరికీ తెలీదు.

అసలు తప్పు స్వింగ్ త్రూ అనే కాల్‌లో దొరికింది. "చివర ఉన్నవాళ్లు ముందు తిరగాలి" అని గుర్తుపెట్టుకున్నాను. రూల్ అది కాదు: కుడిచేతితో తిరగగలిగినవాళ్లు ముందు సగం తిరగాలి, తర్వాత ఎడమచేతితో వీలైనవాళ్లు. అంటే ఎడమచేతి వేవ్‌లో (నలుగురు ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి చేతులు కలుపుకునే వరస వేవ్; ఇందులో చివరివాళ్లు పట్టుకునేది ఎడమచెయ్యి) మొదట కదిలేది మధ్యలోని ఇద్దరే, చివరివాళ్లు ఆగాలి. నేను ఆగేదాన్ని కాదు.

అందుకని వంటింటి గట్టు మీద నాలుగు బాదంపప్పులు, నాలుగు లవంగాలు పెట్టి (లవంగం తల ఎటుంటే ముఖం అటు, బాదంకి మొన) ఒక్కో కాల్‌ని అన్ని స్థానాల నుంచీ నడిపించాను. మా ఆయన నవ్వాడు, నవ్వనీ. రోజూ పది నిమిషాలు, నెలరోజులు.

ఇంకొకటి, కాల్ అవగానే పక్కవాళ్ల చెయ్యి పట్టుకోవడం. చేతులు కలిస్తేనే వేవ్‌లో ఉన్నామో లైన్‌లో (జంటలో ఇద్దరి ముఖాలూ ఒకే వైపు ఉండే వరసలో) ఉన్నామో తెలుస్తుంది. అంగలు కూడా చిన్నవి చేశాను, నేల మీద జారుతున్నట్టు.

ప్లస్‌లోని రిలే ద డ్యూసీ అనే కాల్‌లో మాత్రం ఇంకా తడబడుతున్నాను.